కేతే కోల్విట్సు

సంసారమును, కళయును ఒక్క యింట నిముడునా యను ప్రశ్న వీణ పట్టిన సోదరీమణులకును, కుంచె పట్టిన సోదరీమణులకును క్రొత్తది కాదు. పెండ్లియైన పిదప వీణ అటకయెక్కుట మన యిండ్లలో వింతయు గాదు. జర్మను చిత్రకారిణియగు కేతే కోల్విట్సు ముందీ ప్రశ్నను నిలిపినవాడు ఆమె తండ్రియే. వివాహము నిశ్చయమైన తరువాత నాయన కుమార్తెతో, రెండు పనులును సాగవనియు, ఎంచుకొన్నదానియందే సంపూర్ణముగా నుండవలసినదనియు చెప్పెను. ఆమె మాటలాడక వినెను గాని యా సలహాను మాత్రము పాటింపలేదు.

ఈమె 1867వ సంవత్సరము జూలై 8వ తేదీని తూర్పు ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గున జన్మించెను. ఆ పట్టణము నేడు కలినిన్‌గ్రాడను పేర రష్యాలో నున్నది. తండ్రి కార్లు ష్మిట్టు న్యాయశాస్త్రము చదివియు, తన రాజకీయాభిప్రాయములు ప్రభుత్వమునకు సరిపడకుండుటచే నా వృత్తిని విడిచి, తాపీపని నేర్చి, ఇండ్లు కట్టించువాడయ్యెను. కూతురి చేతిలోని నేర్పును గుర్తించి ప్రోత్సహించినవాడు నాయనయే. అప్పటి కళాపరిషత్తులలో స్త్రీలకు ప్రవేశము లేనందున, బెర్లిను, మ్యూనికు నగరములందు స్త్రీలకై వేరుగా నడుపబడు పాఠశాలల కామెను పంపించెను. అట్టి తండ్రి సంశయించుటలో ఆశ్చర్యమేమి? ఆయన కష్టపడి పెంచిన మొక్క అది.

1891లో నామె వైద్యుడైన కార్లు కోల్విట్సును పెండ్లాడి, బెర్లినులో కూలివారు నివసించు పేటయందు కాపురము పెట్టెను. ఏబది యేండ్లకు పైగా నా వీధియే యామె ఇల్లు. 1892లో హాన్సు, 1896లో పేతరు అను కుమారులు కలిగిరి. భర్త కడకు మందునకై వచ్చు బీదస్త్రీలు భార్య కడ తమ గోడు చెప్పుకొని పోవుచుండిరి. పనిలేని మగడు, త్రాగుబోతు మగడు, జ్వరముతో మూల్గు బిడ్డ: ఈమె చిత్రములకు వస్తువు ఆ గుమ్మముననే లభించెను. రంగులను విడిచి, రాగిరేకు, రాతి అచ్చు, బొగ్గు వీనినే యామె ఎక్కువగా చేపట్టెను.

పెద్దబిడ్డ యొడిలో నుండగనే, 1893లో, హౌప్ట్‌మన్ను రచించిన "నేతగాండ్రు" అను నాటకమును చూచి, నేతపనివారి తిరుగుబాటును గూర్చి ఆరు చిత్రములు ప్రారంభించి, నాలుగైదేండ్లకు ముగించెను. తండ్రి డెబ్బదియవ జన్మదినమున వానిని ఆయన ముందు పరచగా, ఆ వృద్ధుడు ఆనందము పట్టలేక, మన పిల్ల చేసినది వచ్చి చూడుమని భార్యను పిలుచుచు ఇల్లంతయు పరుగులిడెను. మరు వసంతమున నాయన గతించెను. చూచి సంతోషించువారు పోయిన పిమ్మట ప్రదర్శన మేలయని యామె ఊరకుండగా, ఒక స్నేహితురాలు పూనుకొని 1898లో ఆ చిత్రములను ప్రదర్శనకు పంపెను. వానికి స్వర్ణపతకమీయవలెనని న్యాయనిర్ణేతలు కోరిరి. విల్‌హెల్ము చక్రవర్తి నిరాకరించెను.

1903లో "మృతశిశువుతో స్త్రీ" యను చిత్రమునకై, ఏడేండ్ల పేతరును చేతులలో నెత్తికొని, అద్దములో చూచుకొనుచు గీచినది. ఆ భంగిమ కష్టమై తల్లి మూల్గగా, పిల్లవాడు, బెంగపడకుము, బొమ్మ చక్కగానే వచ్చునని యోదార్చెను.

పిల్లలు ఎదిగిన పిదప తీరిక దొరకెను. అయినను 1910లో, వెనుక తీరికలేని దినములలో చేసిన పనికిగల దీవెన ఇప్పటి పనికి లోపించినదేమోయని దినచర్యలో శంకించుకొనెను. గృహకృత్యములు కళకు శత్రువులని వాదించువారు ఈ మాటను కొంచె మాలోచింపవలెను. అట్లని యింటిపనియే కళకు మూలమని నేననబోను.

1914లో యుద్ధము వచ్చెను. పదునెనిమిదేండ్ల పేతరు సైన్యమున చేరెదననెను. వయస్సు చాలనందున తండ్రి యనుమతి కావలయును, తండ్రి ఒప్పుకొనలేదు. కొడుకు కన్నులతో తల్లిని వేడుకొనగా, ఆమె లేచి భర్తను బ్రతిమాలి యొప్పించెను. అక్టోబరు 22వ తేదీని బెల్జియములోని డిక్స్‌మ్యూడు చెంత ఆ బాలుడు హతుడయ్యెను.

ఆ డిసెంబరుననే స్మారకశిల్పమును సంకల్పించినది. పండుకొనియున్న కొడుకు, తలకడ తండ్రి, కాళ్లకడ తల్లి: ఇది మొదటి యూహ. ఏండ్లతరబడి శ్రమించి, తృప్తినొందక 1919లో మానివేసెను. ఆ యేడే ప్రష్యా కళాపరిషత్తు ఆమెను సభ్యురాలిగా నెన్నుకొని ఆచార్యపదవి నిచ్చినది. స్త్రీల కంతకుముందు అట్టి గౌరవము జరుగలేదు. తరువాత "యుద్ధము" అను పేర ఏడు కొయ్య అచ్చుల చిత్రములు చేసెను. వానిలో శత్రువు కానరాడు, తల్లులు, తండ్రులు, వితంతువులు, పిల్లలు మాత్రమే కానవత్తురు. పిదప మరల శిల్పమునకు వచ్చెను. 1932లో నది పూర్తియై బెల్జియములోని శ్మశానమున నిలిచినది. సంకల్పించి పదునేడేండ్లు దాటెను.

అందు కొడుకు లేడు. మోకరిల్లిన తల్లియు తండ్రియు మాత్రమే యున్నారు. తండ్రి నిటారుగా, తన్ను తానే కౌగిలించుకొనినట్లు చేతులు బిగించియుండును; తల్లి తల వంచి కుంగియుండును. ముఖములు కార్లువి, కేతేవి. ఇద్దరికిని ఒకే పీఠమును ఆమె అమర్పలేదు; ఎవరి దుఃఖము వారిదే. ఏబదియవ దశకమున సమాధులను వ్లాడ్స్లో గ్రామమునకు చేర్చినపుడు ఈ విగ్రహములును వెంట పోయి, నేటికిని పేతరు సమాధి కెదురుగా నున్నవి.

1933లో హిట్లరు ప్రభుత్వము ఆమెను పరిషత్తునుండి తొలగునట్లు చేసెను. 1940లో భర్త పోయెను. 1942లో, చిన్నకొడుకు పేరే పెట్టుకొనిన మనుమడు పేతరు రష్యా రణరంగమున కూలెను. ఆ యేడే, 74 ఏండ్ల వయస్సున, ఆమె చివరి రాతి అచ్చు చిత్రమును ముగించెను: ఒక ముదుసలి తల్లి తన పైవస్త్రము క్రింద మువ్వురు కుఱ్ఱవాండ్రను అదిమి పట్టియుండును. వాండ్రు అల్లరిగా బయటికి తొంగిచూచుచుందురు. విత్తనపు గింజలను పిండి విసరరాదని దాని పేరు. 1943లో ఆమె నగరము విడిచిన తరువాత బాంబులకు ఆ పాత ఇల్లు పెక్కు చిత్రములతో కూడ నేలమట్టమయ్యెను. 1945 ఏప్రిలు 22వ తేదీని, యుద్ధము ముగియుటకు రెండువారములకు పైచిలుకు ముందు, డ్రెస్డెను చెంతనున్న మోరిట్స్‌బర్గున ఆమె కన్నుమూసెను.