ఆకాశంలో ఉలుగ్ బేగ్ పేరు

గత రంజాన్‌లో మా బంధువుల అబ్బాయి ఒకడు ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్ తెచ్చి చూపించాడు. చనిపోయిన వాళ్ళ అమ్మీ పేరు ఒక నక్షత్రానికి పెట్టించాడట. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టాడు. "చాచా, ఈ పేరు నిజంగా ఆకాశంలో ఉంటుందా?" అని అడిగాడు. ఆ కాగితాన్ని అంతర్జాతీయ ఖగోళ సంఘం గుర్తించదని చెప్పడానికి మనసు రాలేదు. అయినా చెప్పాను. ఆకాశంలో మనిషి పేరు నిలిచే దారి వేరే ఉంది, అక్కడ డబ్బు చెల్లదు.

కుజుడికీ గురుడికీ మధ్య లక్షలాది రాళ్ళు సూర్యుని చుట్టూ తిరుగుతున్నాయి. వీటినే గ్రహశకలాలు అంటారు. మొట్టమొదట దొరికిన సెరెస్‌ను 1801 జనవరి 1న సిసిలీలోని పలెర్మోలో పియాజ్జి అనే క్రైస్తవ మతగురువు చూశారు. తర్వాత ఫొటోలు వచ్చాయి. ఒకే చోటును కొంత వ్యవధిలో రెండుసార్లు ఫొటో తీస్తారు. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి, గ్రహశకలం కాస్త జరుగుతుంది. ఆ చిన్న జరుగుబాటును పట్టుకోవడమే పని.

కనబడగానే పేరు పెట్టరు. ముందు ఒక తాత్కాలిక గుర్తు ఇస్తారు. ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ చూసి, దాని దారి ఖాయమైందని తేలాకే శాశ్వత సంఖ్య వస్తుంది. అప్పుడు కనుగొన్నవారు పేరు సూచిస్తారు, అంతర్జాతీయ సంఘం పరిశీలిస్తుంది. పేరు 16 అక్షరాలు దాటకూడదు. వ్యాపార పేర్లు పనికిరావు. రాజకీయాల వల్ల, యుద్ధాల వల్ల పేరు పొందినవారైతే చనిపోయి 100 ఏళ్ళు గడవాలి. ఈ చివరి నియమం నాకు బాగా నచ్చింది.

1977 ఆగస్టులో క్రిమియా వేధశాలలో నికొలాయ్ చెర్నిఖ్ కనుగొన్న ఒక గ్రహశకలానికి 2439 సంఖ్య వచ్చింది. దాని పేరు ఉలుగ్‌బేక్.

ఈయన తైమూరు మనుమడు, సమర్ఖండ్ పాలకుడు. తాత రాజ్యాలు జయిస్తే మనుమడు నక్షత్రాలు లెక్కపెట్టాడు. రెగిస్తాన్‌లో మదరసా కట్టించి పండితులను పిలిపించాడు. జంషీద్ అల్ కాషీ, ఖాజీజాదా రూమీ, అలీ ఖుష్జీ ఆయన దగ్గర పనిచేశారు. అప్పటికి టెలిస్కోపు లేదు. అందుకే కొలత సూక్ష్మంగా రావడానికి పరికరాన్నే పెద్దది చేశారు. సుమారు 40 మీటర్ల వ్యాసార్ధం గల రాతి చాపాన్ని కట్టి, దాని కింది భాగాన్ని నేలలోకి దించారు. దాదాపు వెయ్యి నక్షత్రాల స్థానాలతో 1437లో పట్టిక తయారైంది. ఆయన చెప్పిన నక్షత్ర సంవత్సరం 365 రోజుల 6 గంటల 10 నిమిషాల 8 సెకన్లు. నేటి లెక్కకూ దానికీ తేడా ఒక నిమిషం లోపే.

1449లో కన్నకొడుకే ఆయనను చంపించాడు. హజ్‌కు బయలుదేరిన మనిషిని! వేధశాల నేలమట్టమైంది. అది ఎక్కడ ఉండేదో కూడా జనం మరిచారు. పట్టిక మాత్రం అలీ ఖుష్జీ వెంట ఇస్తాంబుల్ చేరింది. మన దేశంలో జంతర్ మంతర్‌లు కట్టించిన జైసింగ్ కూడా దాన్ని వాడుకున్నారు.

దాతలైన మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇది. 1908లో వ్యాత్కిన్ అనే పురావస్తు పరిశోధకుడు ఆ స్థలాన్ని కనిపెట్టారు. దారి చూపింది ఏ రాజశాసనమో కాదు, ఒక పాత వక్ఫ్‌నామా. ఎవరో దానం రాసిచ్చినప్పుడు హద్దుల వివరాల్లో వేధశాల జాగా రాశారు. అక్కడ తవ్వితే నేలలో దించిన చాపం బయటపడింది, దానిమీద డిగ్రీల గుర్తులు అలాగే ఉన్నాయి.

అల్ బిరూనీ, ఒమర్ ఖయ్యాం, ఇబ్నె సీనా పేర్లతో కూడా గ్రహశకలాలు ఉన్నాయి. వారి వారసులెవరూ పైసా కట్టలేదు.

అంతా విని ఆ అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "2439ని మన మేడ మీద నుంచి చూడొచ్చా చాచా?" అన్నాడు. ఉత్త కంటికి కనబడదు, మంచి టెలిస్కోపు కావాలి అన్నాను.