బ్లూ-రే, డీవీడీల పోలిక

బ్లూ-రే డిస్కు చలనచిత్రాలను ఇంటిలో హై డెఫినిషన్ స్పష్టతతో చూడటానికి రూపొందించిన దృశ్య, శ్రవణ సాధనం. చిత్రాలతో కూడిన బ్లూ-రేలు 2006 జూన్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చినవి. చూపుకు ఇది డీవీడీ వలెనే 12 సెంటీమీటర్ల వ్యాసం గల పళ్ళెం. డీవీడీ ఒక పొరలో 4.7 గిగాబైట్ల సమాచారాన్ని ఇముడ్చుకోగా బ్లూ-రే 25 గిగాబైట్లను ఇముడ్చుకుంటుంది. రెండు పొరలున్న డిస్కులలో ఈ పరిమాణం వరుసగా 8.5, 50 గిగాబైట్లు. ఇంత తేడా ఉన్నప్పటికీ డీవీడీ నుండి బ్లూ-రేకు మారిన వారందరికీ అది ఒకే విధంగా కనిపించదు. కొందరికి కొట్టవచ్చినట్లు కనబడుతుంది, మరికొందరికి అసలు తెలియదు. చూసేవారికీ తెరకూ మధ్య ఉన్న దూరం, చిత్రాన్ని మొదట దేనిపై తీశారన్న విషయం ఇందుకు ముఖ్య కారణాలు.

పూర్వ రూపాలు

ఇంటిలో సినిమా చూసే అలవాటును లోకమంతటా వ్యాపింపజేసినది వీహెచ్‌ఎస్ క్యాసెట్. జపానుకు చెందిన జేవీసీ సంస్థ దీనిని 1976లో విడుదల చేసినది. అంతకు ఒక సంవత్సరం ముందే సోనీ తెచ్చిన బీటామాక్స్‌లో బొమ్మ కొంత మెరుగ్గా ఉండేది. అయినా ఎక్కువసేపు రికార్డు చేయగలిగిన వీహెచ్‌ఎస్ పోటీలో నెగ్గినది. బొమ్మ నాణ్యత ఒక్కటే కొనేవారి నిర్ణయాన్ని శాసించదని అప్పుడే తేలిపోయినది. ఆంధ్రదేశంలో 1980లలో టీవీని, వీసీపీని అద్దెకు తెచ్చి, ఇరుగుపొరుగు వారితో కలిసి రాత్రంతా రెండు మూడు సినిమాలు చూడటం ఆ తరం వారికి గుర్తుండే విషయమే. టేపు తిరిగిన ప్రతిసారీ హెడ్డుకు రాసుకొని అరుగుతుంది. ఒక క్యాసెట్ నుండి మరొక దానికి ఎక్కించిన కొద్దీ బొమ్మ మసకబారుతుంది.

1993లో వచ్చిన వీసీడీ ఆసియా దేశాలలో ఎక్కువ ఆదరణ పొందినది. దీనిలో బొమ్మ 352 × 288 చుక్కలు మాత్రమే. ఒక్కో డిస్కులో సుమారు 74 నిమిషాలే పట్టేది గనుక, రెండున్నర గంటలు దాటిన తెలుగు సినిమాకు మూడు డిస్కులు కావలసి వచ్చేవి. డీవీడీ 1996 నవంబరులో జపానులోను, 1997 మార్చిలో అమెరికాలోను విడుదలైనది. భారతదేశం అనుసరించిన పాల్ పద్ధతిలో డీవీడీ బొమ్మ 720 × 576 చుక్కలు, అంటే వీసీడీకి నాలుగు రెట్లు. 2007లో మోజర్ బేర్ సంస్థ భారతదేశంలో వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టినది. ఆరు రూపాయల తేడాతో నాలుగు రెట్ల స్పష్టత దొరికిన ఆ మార్పు సామాన్య ప్రేక్షకునికి తెలిసినంతగా, ఆ తరువాత వచ్చిన ఏ మార్పూ తెలియలేదనవచ్చు.

బ్లూ-రేకు పోటీగా తొషీబా సంస్థ 2006 మార్చిలో జపానులో హెచ్‌డీ డీవీడీని ప్రవేశపెట్టినది. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ బ్లూ-రే పక్షానికి మారగా, ఫిబ్రవరి 19న తొషీబా తన ప్రయత్నాన్ని విరమించుకున్నది. ఆ రెండేళ్ళలో హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు కొన్నవారి డబ్బు చాలావరకు వృథా అయినది.

పనిచేసే విధానం

డిస్కులోని సన్నని గుంటల వరుసను లేజరు కాంతి చదువుతుంది. డీవీడీ లేజరు ఎరుపు రంగుది, దాని తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు. బ్లూ-రే లేజరుది 405 నానోమీటర్లు. పేరులో నీలం ఉన్నప్పటికీ ఈ కాంతి నిజానికి ఊదా రంగుకు దగ్గర. తరంగదైర్ఘ్యం తగ్గిన కొద్దీ కాంతిని మరింత చిన్న బిందువుగా కేంద్రీకరించవచ్చు. దీనికి తోడు బ్లూ-రేలో వాడే కటకం కాంతిని ఎక్కువ కోణం నుండి పోగుచేస్తుంది. ఈ రెండింటి వల్ల కాంతి బిందువు వైశాల్యం డీవీడీలో కంటే సుమారు అయిదవ వంతుకు తగ్గుతుంది. డిస్కు పరిమాణం పెరగకుండానే నిల్వ అయిదు రెట్లు పెరగడంలోని రహస్యం ఇదే.

ఈ లేజరుకు ఆధారం గాలియం నైట్రైడ్ అనే పదార్థం. దీనితోనే నీలి ఎల్‌ఈడీ దీపాన్ని సాధించినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమనో, షూజి నకమురలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించినది.

కన్ను, తెర, దూరం

బ్లూ-రే బొమ్మ 1920 × 1080 చుక్కలు, అంటే మొత్తం 20,73,600. పాల్ డీవీడీలో ఉండేవి 4,14,720. అంటే బ్లూ-రేలో సరిగ్గా అయిదు రెట్లు. అయితే ఈ చుక్కలు విడివిడిగా కంటికి ఆనినప్పుడే వాటి వల్ల ప్రయోజనం. ఆరోగ్యవంతమైన కన్ను సుమారు ఒక నిమిషం కోణం, అనగా డిగ్రీలో అరవయ్యవ వంతు, దూరంగా ఉన్న రెండు బిందువులను వేరు చేసి చూడగలదు. దీనిని బట్టి లెక్క వేయవచ్చు.

40 అంగుళాల తెర ఎత్తు సుమారు 50 సెంటీమీటర్లు. డీవీడీ బొమ్మలోని 576 గీతలు ఆ ఎత్తులో సర్దుకుంటే ఒక్కొక్కటి 0.87 మిల్లీమీటర్లు ఉంటుంది. కన్ను దీనిని దాదాపు పది అడుగుల దూరం వరకు గుర్తించగలదు. అందుచేత పది అడుగుల అవతల కూర్చున్నవారికి డీవీడీలోని వివరమే పూర్తిగా కనబడదు, బ్లూ-రే అదనంగా ఇచ్చే వివరం కనబడే ప్రశ్నే లేదు. బ్లూ-రే వివరం మొత్తం కనబడాలంటే ఇదే తెరకు సుమారు అయిదు అడుగుల దూరంలో కూర్చోవాలి. 32 అంగుళాల తెరకు ఈ రెండు దూరాలు సుమారు ఎనిమిది, నాలుగు అడుగులు కాగా, 55 అంగుళాల తెరకు పదమూడు, ఏడు అడుగులు. గోడకు టీవీ, ఎదుటి గోడకు మంచం ఉండే మధ్యతరగతి గదిలో 32 అంగుళాల టీవీ ముందు బ్లూ-రే పెట్టినా డీవీడీ పెట్టినా తేడా తెలియలేదని ఎవరైనా అంటే, ఆ మాట అవగాహన లోపం కాదు, రేఖాగణితం.

ఇది చుక్కలకు సంబంధించిన లెక్క మాత్రమే. డీవీడీలో బొమ్మను గట్టిగా కుదించడం వల్ల పొగ, నీరు, చీకటి దృశ్యాలలో గళ్ళు గళ్ళుగా కనబడే దోషం దూరం నుండి కూడా తెలుస్తుంది. బ్లూ-రేలో సెకనుకు 40 మెగాబిట్ల వరకు బొమ్మ సమాచారానికి కేటాయించవచ్చు. డీవీడీలో ఆ పరిమితి 9.8 మెగాబిట్లు.

2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రేలో చుక్కలు 3840 × 2160. పై లెక్క ప్రకారం 55 అంగుళాల తెరపై ఈ అదనపు చుక్కలు పూర్తిగా తెలియాలంటే మూడున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. ఆ డిస్కులలో నిజంగా అందరికీ తెలిసే మార్పు చుక్కల సంఖ్యలో లేదు. వెలుగునీడల వ్యాప్తి, రంగుల మెట్లు పెరగడంలో ఉన్నది.

మూలప్రతి

డిస్కు ఒక పాత్ర వంటిది. అందులో పోసినదే అందులో ఉంటుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసిన చిత్రపు నెగటివులో డీవీడీ చూపగలిగిన దానికంటే చాలా ఎక్కువ వివరం ఉంటుంది. అందువల్ల 1950లలో తీసిన సినిమా కూడా బ్లూ-రేలో కొత్తదనంతో మెరవగలదు. అదే 2002లో వచ్చిన బ్రిటిష్ చిత్రం 28 డేస్ లేటర్‌ను చాలావరకు సాధారణ డిజిటల్ వీడియో కెమెరాలతో తీశారు. ఆ కెమెరాలో ఉన్నదే డీవీడీ స్థాయి స్పష్టత. ఈ చిత్రాన్ని బ్లూ-రేలో కొన్నవారు కొత్తగా చూసే వివరం స్వల్పం. వయసును బట్టి కాక మూలాన్ని బట్టి చూడాలనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అమెరికా టీవీ ధారావాహిక స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్ మరొక రకం. దీనిని ఫిల్ముపై తీసి, కూర్పు మాత్రం వీడియో టేపుపై చేశారు. ప్రసారమైన టేపులో హై డెఫినిషన్ లేదు. కనుక 2012 నుండి 2014 వరకు వెలువడిన బ్లూ-రేల కోసం మూల నెగటివులను వెదికి, 178 భాగాలను మళ్ళీ మొదటి నుండి కూర్చవలసి వచ్చినది. ఆ తరువాతి ధారావాహిక డీప్ స్పేస్ నైన్‌కు అటువంటి పని జరగలేదు.

మనకు దగ్గరి ఉదాహరణ సత్యజిత్ రాయ్ అపు చిత్రత్రయం. ఈ మూడు చిత్రాల నెగటివులు 1993లో లండన్‌లోని ఒక ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి దెబ్బతిన్నవి. మిగిలిన ముక్కలను అమెరికాలోని ఆస్కార్ అకాడమీ భద్రపరచినది. దశాబ్దాల తరువాత ఇటలీలోని బొలోన్యాలో నిపుణులు వాటిని మెత్తబరచి, అతికి, స్కాన్ చేశారు. పూర్తిగా పోయిన భాగాలను ఇతర ప్రతుల నుండి తీసుకున్నారు. క్రైటీరియన్ సంస్థ 2015లో వీటిని బ్లూ-రేగా తెచ్చినది. ఆ డిస్కు విలువ చుక్కల సంఖ్యలో కంటే ఆ పనిలోనే ఉన్నది. దీనికి భిన్నంగా, థియేటర్లలో తిరిగి అరిగిన ప్రింటు నుండి చేసిన పాత తెలుగు చిత్రపు డిస్కులో నిలువు గీతలు, ఎగిరిపోయిన ఫ్రేములు, వెలిసిన రంగులు ఉంటాయి. అటువంటి ప్రతిని బ్లూ-రేలోకి ఎక్కిస్తే గీతలు మరింత స్పష్టంగా కనబడతాయి.

నెగటివు మంచిదైనా పని చెడవచ్చు. ఫిల్ముకు సహజమైన రేణువులను మచ్చలుగా భావించి కంప్యూటరుతో తుడిచివేస్తే ముఖాలు మైనపు బొమ్మల వలె తయారవుతాయి. ప్రిడేటర్ చిత్రపు 2010 బ్లూ-రే ఇందుకు అపఖ్యాతి పొందినది. గ్లాడియేటర్ 2009 బ్లూ-రేపై విమర్శలు రాగా మరుసటి సంవత్సరమే సరిదిద్దిన డిస్కును విడుదల చేశారు. కొనబోయే ముందు డిస్కు వెనుక రాసిన సంఖ్యల కంటే, దానిని ఏ ప్రతి నుండి, ఎప్పుడు తయారుచేశారో తెలుసుకొనడం ఉపయోగకరం.

కదలిక, శబ్దం

సినిమాలో సెకనుకు 24 బొమ్మలు ఉంటాయి. పాల్ పద్ధతిలో 25 కావాలి గనుక డీవీడీలో సినిమాను కొంచెం వేగంగా నడుపుతారు. మూడు గంటల చిత్రం ఏడు నిమిషాల ముందే ముగుస్తుంది. సవరణ చేయకపోతే గాయకుల శ్రుతి కూడా కొద్దిగా పెరుగుతుంది. సంగీతజ్ఞానం ఉన్నవారు దీనిని పట్టుకోగలరు. బ్లూ-రేలో 24 బొమ్మలను ఉన్నవి ఉన్నట్లుగా చూపవచ్చు. శబ్దాన్ని కూడా ఏమాత్రం నష్టం లేకుండా నిల్వ చేయవచ్చు. ఈ లాభం తెర పరిమాణంతో, దూరంతో నిమిత్తం లేనిది. అయితే టీవీలోని చిన్న స్పీకర్లతో వినేవారికి అది దక్కదు.

మన్నిక, లభ్యత

బ్లూ-రేలో సమాచారపు పొర డిస్కు ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది. అందుచేత గీతలు పడకుండా గట్టి పూత వేస్తారు. బ్లూ-రే ప్లేయర్లు దాదాపు అన్నీ డీవీడీలను ఆడిస్తాయి, కనుక పాత డిస్కులను పారవేయనక్కరలేదు. ప్రాంత సంకేతాలను మాత్రం గమనించాలి. బ్లూ-రేలకు అమెరికా ఏ ప్రాంతంలోను, భారతదేశం సీ ప్రాంతంలోను ఉన్నవి. అమెరికాలోని బంధువులు కొని పంపిన డిస్కుపై ప్రాంత నిర్బంధం ఉంటే అది ఇక్కడి ప్లేయరులో ఆడదు.

అంతర్జాల ప్రసారాలు పెరిగిన తరువాత డిస్కుల విపణి కుదించుకుపోయినది. నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో తన డీవీడీ అద్దె సేవను ముగించినది. అంతర్జాలంలో 1080 గీతల బొమ్మకు ఆ సంస్థ సూచించే వేగం సెకనుకు 5 మెగాబిట్లు. కుదింపు పద్ధతులు మెరుగైనప్పటికీ ఇది బ్లూ-రే గరిష్ఠ పరిమితిలో ఎనిమిదవ వంతు. డబ్బు చెల్లించి కొన్నది కూడా అక్కడ శాశ్వతం కాదు. 2023 డిసెంబరులో సోనీ తన ప్లేస్టేషన్ వినియోగదారులు కొనుక్కున్న డిస్కవరీ కార్యక్రమాలను తొలగిస్తామని ప్రకటించి, విమర్శలు రావడంతో విరమించుకున్నది.

పెళ్ళిళ్ళ, గృహప్రవేశాల వీహెచ్‌ఎస్ క్యాసెట్లు ఉన్న కుటుంబాలకు బ్లూ-రే వల్ల అదనపు స్పష్టత రాదు. ఆ టేపులోని వివరమంతా డీవీడీలోనే ఇమిడిపోతుంది. వీరికి సాధనం కంటే సమయం ముఖ్యం. టేపులకు బూజు పడుతుంది, అయస్కాంతపు పూత రాలుతుంది. పైగా వీసీఆర్‌లను చివరి వరకు తయారుచేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తిని నిలిపివేసినది. పనిచేసే పాత యంత్రాలు దొరుకుతున్నంత కాలమే ఆ క్యాసెట్లను డిజిటల్ రూపంలోకి మార్చుకొనడానికి వీలుంటుంది.