మూటాముల్లె లెక్క తేలాకే బండి మాట
ముంపు గ్రామాల ఇళ్ల తరలింపులో సంచులు, తాళ్లు, పెట్టెల ఖర్చు ఎంత?

వేలేరుపాడు: తాతల నాటి ఇల్లు విడిచి కొత్త కాలనీకి పోవడమంటే ఒక పూట పని కాదు. ధాన్యం గాదె దగ్గర నుంచి దేవుడి పటం వరకు ప్రతిదీ కదలాలి. పోలవరం ముంపు కింద ఊళ్లు ఖాళీ చేసిన, చేయవలసిన కుటుంబాలకు ఈ కష్టం వేరే చెప్పనక్కర లేదు. ఇంటికి విలువ కట్టారు, చెట్టుకు విలువ కట్టారు, పొలానికి విలువ కట్టారు. సామాను మూట కట్టుకోవడానికి ఎన్ని సంచులు కావాలో మాత్రం ఇంటివాళ్లే లెక్క చూసుకోవాలి. ఈ చిన్న లెక్క తప్పితే చేతికొచ్చిన తరలింపు సొమ్ము కిరాయిలకే హారతి కర్పూరమవుతుంది.

చట్టంలో ఉన్నది ఇదీ

2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం రెండో షెడ్యూలు ప్రకారం నిర్వాసిత కుటుంబానికి రవాణా ఖర్చు కింద ఒకేసారి 50,000 రూపాయలు ఇవ్వాలి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇది ఇంట్లోని సామానుకు మాత్రమే కాదు. ఇల్లు విప్పగా వచ్చిన దూలాలు, వాసాలు, పెంకులు, గొడ్డూ గోదా అన్నీ ఈ సొమ్ములోనే కదలాలి. పునఃస్థాపన భత్యం కింద మరో 50,000 వేరే ఉంది. రెండూ ఒకటేనని కొందరు పొరబడుతున్నారు. కాగితంలో ఏది ఏ పద్దు కింద ఉందో చదివించుకుని తెలుసుకోవడం మంచిది.

కిరాయి పెంచేది కట్టని సామానే

మూటలు కట్టడానికి ఖర్చెందుకు, ట్రాక్టరులో పడేస్తే సరిపోతుందనుకోవడం సహజం. తేడా వచ్చేది అక్కడే. విడిగా పడేసిన తపేలాలు, బుట్టలు, పరుపులు తొట్టి నిండా గాలినే నింపుతాయి. ఒకదానిమీద ఒకటి పేర్చడానికి వీలుండదు. ఒక్క ట్రిప్పులో పోవలసింది రెండు ట్రిప్పులవుతుంది. ట్రిప్పుకు 6,000 అనుకుంటే, తాడు దగ్గర చూసిన పొదుపు అంతా డీజిలులో పోయినట్టే. దారిలో పగిలే జాడీలు, జారిపడే సామాను దీనికి అదనం.

నలుగురున్న ఇంటికి లెక్క

ముందు ఇల్లంతా తిరిగి, ఉన్న సామాను నోటు పుస్తకంలో రాయాలి. తరువాత ఇంట్లో ఉన్న సంచులు లెక్కపెట్టాలి. లోటు ఎంతో అంతే కొనాలి. ఇక్కడ వేసిన ధరలు లెక్క తెలియడం కోసం అనుకున్నవే. మీ సంతలో ధర ఎంతుంటే అంత వేసుకోండి.

గోనె సంచులు పది కావాలి, ఇంట్లో ఆరున్నాయి. కొనవలసినవి 4, ఒకటి 40 చొప్పున 160 రూపాయలు.
బియ్యం ప్లాస్టిక్ సంచులు పన్నెండు కావాలి, ఇంట్లో ఎనిమిదున్నాయి. కొనవలసినవి 4, ఒకటి 10 చొప్పున 40.
కిరాణా కొట్టు అట్టపెట్టెలు 6, ఒకటి 20 చొప్పున 120.
లావు తాడు 2 కిలోలు, 400.
పురికొస 1 కిలో, 150.
పాత పేపర్లు 5 కిలోలు, 150.
టార్పాలిన్ బరకం ఒకటి, 1,000.
దబ్బనం ఒకటి, 20.
తాళాలు రెండు, 200.
మొత్తం 2,240.

చిల్లర ఖర్చులు కలిపి 2,500 అనుకుందాం. అంటే 50,000లో నూటికి ఐదు రూపాయలు. మిగిలిన 47,500 బండ్లకు, కూలీలకు, కలపకు, పశువులకు. అందులోనూ బరకం తరువాత ధాన్యం ఆరబోతకు పనికొస్తుంది. తాడు, తాళాలు కొత్త ఇంట్లోనూ ఉంటాయి.

కొనకుండానే దొరికేవి

పాత చీరలు, దుప్పట్లకు మించిన మూట గుడ్డలు లేవు. బట్టలన్నీ వాటిలోనే కట్టవచ్చు. గంగాళాలు, బానలు ఖాళీగా పంపకుండా చిన్న గిన్నెలు వాటిలోనే సర్దాలి. గాజు సామాను, పింగాణీ జాడీల చుట్టూ వరిగడ్డి దట్టిస్తే డబ్బు పెట్టి కొన్న సరుకేదీ దానికి సాటిరాదు. చింతపండు, ఇప్పపువ్వు బుట్టల్లో ఉంటే బుట్టలతోనే పంపి, పైన గుడ్డతో కుట్టేయాలి. అట్టపెట్టెలను కిరాణా, మందుల కొట్లవాళ్లను రెండు వారాల ముందే అడిగి పెట్టుకుంటే కొన్ని ఊరికే దొరుకుతాయి. ఊరంతా ఒకే వారంలో కదిలితే ఊరికే వచ్చే పెట్టెకూ గిరాకీ పుడుతుంది.

ఒక్కటి మాత్రం మరువరాదు. యూరియా సంచులు, పురుగు మందుల పెట్టెలు ఇంట్లో ఉన్నాయి కదా అని వాటిలో బియ్యం, పప్పులు, గిన్నెలు పెట్టరాదు. వంటచెరకుకో, పలుగు పారలకో యూరియా సంచి వాడుకోవచ్చు. మందుల పెట్టె దేనికీ వద్దు. మిగిలిన మందు డబ్బాలుంటే తిండి గింజలకు దూరంగా విడిగా పంపాలి.

ఏది ఎలా కట్టాలి

ఆవకాయ జాడీకి వాసెన గట్టిగా బిగించి, పైన ప్లాస్టిక్ కాగితం కట్టి, గోనెలో గడ్డి మధ్య నిలబెట్టాలి. పడుకోబెడితే నూనె కారి పక్క మూటలు పాడవుతాయి. టీవీని దుప్పటి చుట్టి నిలువుగానే ఉంచాలి. దానిపై బరువు పెట్టరాదు. గ్యాస్ బండకు రెగ్యులేటరు తీసి, మూత బిగించి నిలబెట్టే పంపాలి. పెంకులను నిలువుగా, మధ్యమధ్య గడ్డి వేసి పేర్చాలి. విత్తనాలను తిండి గింజలతో కలపరాదు. విడి సంచిలో కట్టి గుర్తు పెట్టాలి. హడావుడిలో విత్తనాల సంచి వంటకు పోతే వచ్చే కారుకు అప్పు చేయవలసి వస్తుంది.

ఏ మూటైనా ఒక మనిషి ఎత్తగలిగినంతే ఉండాలి. బస్తా బరువెక్కితే కూలీ రేటూ ఎక్కుతుంది.

గుర్తు లేని మూట గల్లంతు

రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకే లారీ మాట్లాడుకుంటే కిరాయి కలిసివస్తుంది. కానీ మూటలన్నీ ఒకేలా ఉంటే దించేచోట తగవులు తప్పవు. ఒక ఇంటి మూటలన్నిటికీ ఒకే రంగు గుడ్డపీలిక కట్టాలి. ప్రతి మూటపై అంకె వేసి, అందులో ఏముందో పుస్తకంలో రాయాలి. ఎక్కించేటప్పుడు ఒకసారి, దించేటప్పుడు ఒకసారి లెక్క చూడాలి. బడికి పోయే పిల్లలకు ఈ పని అప్పగిస్తే పొల్లు పోకుండా చేస్తారు.

కాగితాలు మూటల్లో పెట్టవద్దు

రేషను కార్డు, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, భూమి పట్టా, పోడు పట్టా, కుల ధ్రువీకరణ పత్రం, పిల్లల సర్టిఫికెట్లు, పరిహారం కాగితాలు ఏ పెట్టెలోనూ వేయరాదు. ప్లాస్టిక్ కవరులో చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి, ఇంటి ఇల్లాలి భుజాన వేలాడాలి. సామాను పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. కాగితం పోతే ఆఫీసుల చుట్టూ తిరగడమే.

2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు ఈ ప్రాంతపు ఊళ్లు మునిగిన సంగతి ఎవరూ మరువలేదు. అంత నీరు వచ్చినప్పుడు మూట కట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. కట్టుబట్టలతో గట్టెక్కడమే గగనం. కనుక వానాకాలం ముందే సంచులు, తాళ్లు సిద్ధంగా ఉంటే కాలనీకి పోయినా, వరదకు మెరక ఎక్కినా పనికొస్తాయి.

అధికారులు కూడా ఖాళీ చేయవలసిన తేదీని కనీసం రెండు వారాల ముందు ఊళ్లో చాటింపు వేయించి, తరలింపు సొమ్ము అప్పటికే ఖాతాలో పడేటట్టు చూస్తే ఎంతో మేలు. సంచికీ తాడుకూ వడ్డీకి అప్పు తెచ్చుకునే అవస్థ నిర్వాసితులకు తప్పుతుంది. పుట్టిన ఊరు విడవడం ఎలాగూ తప్పనప్పుడు, ఉన్న నాలుగు వస్తువులైనా పగలకుండా, పోకుండా కొత్త గుమ్మం దాటాలి గదా!