గడియారం దగ్గరే ఆగిపోతే ఎలా?

గోదావరిఖని, రామగుండం ప్రాంతాల నుంచి హైదరాబాద్ చూడబోయే కార్మిక కుటుంబాలు చార్మినార్ తరువాత తప్పక వెళ్లే చోటు సాలార్‌జంగ్ మ్యూజియం. ఒక మస్టరు పోయినా సరేనని పిల్లలను వెంటబెట్టుకుని ఉదయం రైలెక్కుతారు. తిరిగి వచ్చిన పిల్లలను ఏం చూశారని అడిగితే మొదట వచ్చే మాట ఒక్కటే - గంట కొట్టే గడియారం!

గంట గంటకూ గడ్డపు బొమ్మ బయటకు వచ్చి గంట మోగించే ఆ గడియారం ముందు జనం గుమిగూడి ఉంటారు. అది కాగానే మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం. ఆపైన కాళ్ల నొప్పులు, తిరుగు రైలు తొందర. ఆధునిక భారతీయ చిత్రాల గది దాకా వెళ్లినవారిలోనూ "ఇవి మనకేం అర్థమవుతాయి" అని గుమ్మం నుంచే మళ్లేవారు ఉంటారు. ఆ గదిలో మనకు తెలిసినవారే ఉన్నారన్న సంగతి వారికి చెప్పేవారు లేరు.

దేవిడీ నుంచి మూసీ ఒడ్డుకు

ఈ సంపదలో అధిక భాగం ఒకనాడు ఒక్కరి ఇంటి సొత్తు. నిజాం వద్ద దివానుగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పెళ్లి చేసుకోలేదు. కళావస్తువులను సేకరించడంలోనే జీవితం గడిపారు. 1949లో ఆయన కన్నుమూసిన తరువాత ఆ వస్తువులు ఆయన భవనాలలో చెల్లాచెదురుగా ఉండిపోయాయి. వాటిని ఒక వరుసకు తెచ్చే పనిని జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. ఈ ఐరిష్ కళావిమర్శకుడు అంతకుముందు మదనపల్లె కాలేజీలో పనిచేసినవారే. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రధాని నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు.

1961లో పార్లమెంటు చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో వస్తువులన్నీ మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలాయి. 2000లో అటూ ఇటూ మరో రెండు భవనాలు చేరాయి. పడమటి భవనానికి యూరప్ వస్తువులు, తూర్పు భవనానికి చైనా, జపాన్ వంటి దేశాల వస్తువులు చేరగా, భారతీయ కళకు మధ్య భవనం మిగిలింది.

దొర ఇంట్లో వస్తువు దొర ముచ్చట కొద్దీ ఉంటుంది. పదిమంది వచ్చే చోట మాత్రం, ఎన్నడూ చూడనివాడికి కూడా బోధపడే వరుసలో ఉండాలి. ఈ సర్దుబాట్లన్నింటి వెనుక ఉన్న ఉద్దేశం అదే.

వరుస విలువ మన పల్లెలకు కొత్త కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనూ చూపి కథ నడుపుతారు. బొమ్మల వరుస తప్పితే కథే తప్పుతుంది. గ్యాలరీ కూడా గోడల మీద పరచిన పటమే. కాకపోతే అక్కడ పటం కదలదు, చూసేవారే కదలాలి.

కథ మొదలయ్యేది మన ఇంటి క్యాలెండరుతో

ఆధునిక చిత్రాల కథ రవివర్మతో మొదలుపెట్టవచ్చు. 1894లో బొంబాయిలో ఆయన స్థాపించిన ప్రెస్సు నుంచి లక్ష్మీ సరస్వతుల బొమ్మలు దేశమంతా ఇంటింటికీ వెళ్లాయి. కిరాణా దుకాణంవారు ఇచ్చే క్యాలెండరులోని లక్ష్మీదేవిది ఆ వంశమే. ఆయన స్వయంగా తైలవర్ణాలతో వేసిన చిత్రాలను ఈ మ్యూజియంలో చూడవచ్చు.

రవివర్మ తరువాతివారు దారి మార్చారు. బెంగాల్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్, నందలాల్ బోస్ వంటివారు విదేశీ పద్ధతి వద్దని అజంతా వైపు, మొగలాయి చిత్రాల వైపు చూశారు. ఆపై తరాలలో గీతలు వంకర తిరిగాయి, రంగులు మారాయి. "అర్థం కాదు" అన్న మాట మొదలయ్యేది ఇక్కడే. ఉన్నదున్నట్టు చూపే పని కెమెరా తీసుకున్నాక, చిత్రకారుడు తన మనసుకు తోచింది వేయసాగాడు. ఆ ఒక్క మాట తెలిస్తే భయం సగం తగ్గుతుంది.

ఆ దారిలో నడిచినవారిలో మనవారూ ఉన్నారు. పాత కరీంనగర్ జిల్లాలో 1915లో పుట్టిన పి.టి. రెడ్డి బొంబాయి జె.జె. స్కూలులో చదివి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. ఆయన 1996లో కన్నుమూశారు. అదే జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం వేసినవి నల్లని మేనితో, నుదుట పెద్ద బొట్టుతో, ఎర్రని చీరలతో ఉన్న తెలంగాణ స్త్రీలను. 1988 నాటి 'దాసి' సినిమాకు కళాదర్శకత్వం వహించి జాతీయ అవార్డు పొందినదీ ఆయనే. ఆయన చిత్రం ఎదుట నిలిచిన మన పల్లె తల్లికి అర్థం విప్పి చెప్పేవారు అక్కరలేదు.

బావిలో టోపీ మీది దీపం పడినంత మేరే కనిపిస్తుంది. తల తిప్పితేగాని పక్కన ఏమున్నదీ తెలియదు. మ్యూజియంలోనూ అంతే. మస్టరు పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని వెళ్లినవారు తమకు రావలసింది పూర్తిగా తీసుకుని రావాలి.

మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈసారి వెళ్లినప్పుడు ముందుగా చిత్రాల గదికి వెళ్లండి. గడియారం బొమ్మ కోసం ఎంతసేపు నిలబడతారో, పిల్లలకు నచ్చిన ఒక్క చిత్రం ముందు అంతసేపూ నిలబడండి. గడియారం ఎక్కడికీ పోదు, గంట తరువాత మళ్లీ మోగుతుంది.