సిగరెట్టు కాదు బాబూ, చుట్ట

ఫ్యామిలీ మెడిసిన్‌లో కొత్తగా చేరిన పీజీ డాక్టరు కేస్ షీట్ నింపుతున్నాడనుకోండి. ఎదురుగా భీమిలి వైపు నుంచి వచ్చిన అరవయ్యేళ్ల జాలరి ఆవిడ. "సిగరెట్ తాగుతారా అమ్మా?" అని అడుగుతాడు. ఆవిడ నవ్వేసి లేదంటుంది. 'స్మోకింగ్: నిల్' అని రాసుకుని అతను తర్వాతి గడికి వెళ్లిపోతాడు. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. అదే కుర్చీలో ఆ ఊరి ఏఎన్ఎం కూర్చుని ఉంటే "చుట్ట కాలుస్తావా అమ్మా?" అనేది. "కాలుస్తాను. రోజుకి రెండో మూడో." "అడ్డపొగేనా?" "మరేటి!"

అడ్డపొగ అంటే చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. చూడనివాళ్లకు నమ్మకం కుదరదు గానీ విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా తీరం పొడవునా పాతతరం ఆడవాళ్లకు ఇదేమీ వింత కాదు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదట, నుసి గంపలో చేపల మీద రాలదట, ఒక్క చుట్టే చాలాసేపు వస్తుందట. పన్ను సలుపుకి మందనీ, పొద్దున్నే చుట్ట పడితే గానీ కడుపు కదలదనీ కూడా అంటారు. ఆ వేడీ, ఆ పొగా నేరుగా తగిలేది అంగిలికి.

కాబట్టి నాలుక నొక్కి, గొంతు చూసి, టార్చి ఆర్పేస్తే సరిపోదు. తల వెనక్కి వాల్చమనాలి, కట్టుడుపళ్లుంటే తీయించాలి. అడ్డపొగ అలవాటున్నవాళ్ల అంగిలి తెల్లగా మందమెక్కి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో కనిపించవచ్చు. ఆ చుక్కలు వాచిన లాలాజల గ్రంథుల నోళ్లు, క్యాన్సరు కాదు. ఎర్రగా ఒరిసిపోయిన మచ్చగానీ మానని పుండుగానీ ఉంటే మాత్రం చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. మాట్లాడేటప్పుడే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి చేత అంతసేపు నోరు తెరిపించడం టార్చితో అయ్యే పని కాదు. ముందు జరిగిన మాటల్ని బట్టి ఉంటుంది.

అడ్డపొగ సంగతీ, మాట సంగతీ మన దగ్గర చాలా ఏళ్ల కిందటే తేలాయి. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన దంతవైద్య పరిశోధకుడు ఫాలీ మెహతా, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, వాళ్ల బృందం శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు చూశారు. అందులో దాదాపు 44 శాతం మందిది అడ్డపొగే. ఆ వివరాలు 1971లో అచ్చయ్యాయి. తర్వాత అదే బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36 వేలకు పైగా పొగాకు అలవాటున్న పల్లెవాసులకు ఏటేటా నోరు పరీక్షిస్తూ, ఎదురుగా కూర్చుని మానమని చెబుతూ వచ్చింది. అలా చెప్పని వాళ్లతో పోలిస్తే ఇక్కడ మానేసినవాళ్లే ఎక్కువని 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. ఈ పనికి ఖరీదైన యంత్రాలు వాడలేదు. వాళ్లు ముఖ్యంగా చేసింది మళ్లీ మళ్లీ వెళ్లడం, చూడడం, మాట్లాడడం.

మాటకు అంత బలముందా అనే అనుమానం నాకూ ఉండేది. 1979లో లండన్‌లో మైకేల్ రస్సెల్ బృందం 28 మంది ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి వచ్చిన 2,138 మంది పొగరాయుళ్ల మీద లెక్క కట్టింది. డాక్టరు ఒకటి రెండు నిమిషాలు మానమని చెప్పి, ఓ కరపత్రమిచ్చి, మళ్లీ అడుగుతానన్న గుంపులో ఏడాది తర్వాత 5.1 శాతం మంది పొగ మానేసి ఉన్నారు. ఏమీ చెప్పని గుంపులో 0.3 శాతం. వందకు అయిదుగురా అని పెదవి విరవొచ్చు. కానీ డాక్టరు ముందుకు రోజూ ఎందరు వస్తారో ఆలోచిస్తే అది చిన్న సంఖ్య కాదు.

అయితే ఆ ఒకటి రెండు నిమిషాలే మనకు కరువు. 67 దేశాల సమాచారం పోగుచేసి 2017లో వెలువడిన సమీక్షలో మన దేశంలో డాక్టరు రోగికిచ్చే సమయం సుమారు రెండు నిమిషాలని తేలింది. స్వీడన్‌లో ఇరవై రెండున్నర. అమెరికాలోనేమో, రోగి మొదలుపెట్టిన మాటకు డాక్టరు సగటున 18 సెకన్లకే అడ్డుపడుతున్నాడని బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లోనే రాశారు. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) లాంటి చోటుకు 1923 నుంచీ ఉత్తరాంధ్ర జిల్లాలన్నీ, పక్కన ఒడిశా కూడా వస్తూనే ఉన్నాయి. "ఒంట్లో బాగునేదు బాబూ" దగ్గర మొదలయ్యే కథ పద్దెనిమిది సెకన్లలో ఎక్కడికి చేరుతుంది?

ఫ్యామిలీ మెడిసిన్ మూడేళ్ల డీఎన్‌బీ కోర్సు. గుండె, కీలు, కన్ను అని ఒక్కొక్కటి పట్టుకోకుండా మనిషినీ ఇంటినీ కలిపి చూడమంటుంది. ఎంబీబీఎస్‌లోనూ రోగితో మాట్లాడడం 2019 బ్యాచ్ నుంచి పాఠంగా చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో అధికారికంగా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పథకం, పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు ఊరి క్లినిక్‌కు రావాలంది. పథకాల పేర్లు ప్రభుత్వాలతో మారుతుంటాయి. నా దృష్టిలో అసలు సరుకు అదే డాక్టరు అదే ఊరికి మళ్లీ రావడం. మొదటిసారి దాచిన చుట్ట మూడోసారికి బయటపడుతుంది.

ఉక్కునగరం వైపు వస్తే చిక్కు ఇంకో రకం. స్టీల్ ప్లాంట్‌లో సి షిఫ్టు రాత్రంతా నడుస్తుంది. ఆ షిఫ్టు మనిషికి చీటీ మీద 1-0-1 అని రాసిస్తే ఏది పొద్దున, ఏది రాత్రి? గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రను డ్యూటీ దిగి వచ్చి 'పొద్దున మాత్ర' కదా అని మింగి, టిఫిన్ తినకుండానే నిద్రలోకి జారితే షుగర్ దారుణంగా పడిపోవచ్చు. చెమటలు పట్టి, వణికి, ఒక్కోసారి లేవలేడు కూడా. మాత్ర తప్పు కాదు, మనిషి తప్పూ కాదు. "ఏ షిఫ్టు? ఎప్పుడు తింటావు? ఎప్పుడు పడుకుంటావు?" అని ఎవరూ అడగలేదు. ఉప్పు సంగతీ ఇంతే. "ఉప్పు తగ్గించండి" అంటే అందరూ తలాడిస్తారు. "ఎండు నెత్తళ్లు వారంలో ఎన్నిసార్లు? ఊరగాయ రోజూనా?" అంటే లెక్క తెలుస్తుంది.

రోగి చెప్పని సంగతిని తానే వెతికి చూసిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. పోర్ట్ టాల్బట్ అని బ్రిటన్‌లోని వేల్స్‌లో ఓ రేవూ ఉక్కు కర్మాగారమూ ఉన్న ఊరుంది. దానికి ఎగువన గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగనుల పల్లెలో జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు 1960లలోనే ఊరివాళ్లందరి బీపీ చూడడం మొదలుపెట్టాడు. బీపీ బాధ పెట్టదు కాబట్టి దానికోసం ఎవరూ రారు. దగ్గుకో నడుంనొప్పికో వచ్చినవాళ్లకు కూడా పట్టీ కట్టి చూసేవాడు. ఎవరు రాలేదో గుర్తుపెట్టుకుని కబురు పంపేవాడు.

మన జాలరి ఆవిడ దగ్గరికి తిరిగొస్తే, చుట్ట మానమన్నాక ఆవిడ ఊరికే ఉండదు. "మానేస్తాను బాబూ. మరి పన్ను సలిపితే ఏటి సెయ్యమంటావు?" అంటుంది. దాని జవాబుకు కేస్ షీట్‌లో గడి లేదు. పీజీ మళ్లీ టార్చి వెలిగించి, ఈసారి పళ్లు చూడాలి.