క్రిస్మస్ వెలుగు కమాను ఇంట్లోనే కట్టుకోవచ్చు.. పైప్ ఎత్తే ముందు పైన తీగ చూసుకోవాలి

డిసెంబర్ మొదలైతే చాలు, మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట వైపు చర్చిల్లో సెమీ క్రిస్మస్ సందడి కనిపిస్తుంది. ఇంటి ముందు నక్షత్రం వేలాడుతుంది. చర్చి గుమ్మానికి, వీధి మొగదలకు లైట్ల కమాను వెలుస్తుంది. జనవరి 1 దాకా ఆ వెలుగు అలాగే ఉంటుంది. ఒకప్పుడు ఈ పనికి లైటింగ్ దుకాణం వాళ్లు రావాల్సిందే. ఎల్‌ఈడీ పట్టీలు, ప్లాస్టిక్ పైపులు చేతికి అందేలా వచ్చాక కాలనీ పిల్లలే స్వయంగా కట్టుకుంటున్నారు. పని కష్టమైనదేమీ కాదు. కానీ కరెంటుతో పని కాబట్టి తెలిసి చేయాలి.

పండగ ఏదైనా కమాను ఒకటే

కమాన్ అంటే ఫార్సీలో విల్లు. ఉర్దూ మీదుగా ఆ మాట తెలుగులోకి వచ్చి కమాను అయింది. గుమ్మం మీద విల్లులా వంగి నిలబడేదానికి అంతకంటే సరిపోయే పేరు లేదు. ఊళ్లో మిలాద్‌కు, ఉర్సుకు, వినాయక చవితికి, క్రిస్మస్‌కు వెలిగేది ఈ కమానే. మధ్యలో పెట్టే బొమ్మ, రాసే రాత మాత్రం మారతాయి.

కొన్నిసార్లు పండగలు పక్కపక్కనే కూడా వస్తాయి. చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కంటే సుమారు 11 రోజులు తక్కువ. అందుకే మిలాద్ ఏటా ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లకు మళ్లీ అదే రోజుల్లోకి వస్తుంది. 2015లో మన దేశంలో మిలాద్ డిసెంబర్ 24న వచ్చింది. తెల్లారితే క్రిస్మస్. ఒకసారి కట్టిన చట్రాన్ని విప్పి దాచుకుంటే ఏ పండగకైనా పనికొస్తుందన్నది ఇక్కడ అసలు లాభం.

ప్రాణం తీసేది నిలబడ్డ కమాను కాదు, నిలబెట్టే క్షణం

2024 నవంబర్ 4న తూర్పుగోదావరి జిల్లా ఉండ్రాజవరం మండలం తాడిపర్రులో ఫ్లెక్సీ కడుతూ విద్యుదాఘాతంతో నలుగురు యువకులు చనిపోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇళ్లలో పండగ ఎలా మిగిలిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇలాంటి ప్రమాదాలు ఎక్కడ పొంచి ఉంటాయో కొలతలు చూస్తే అర్థమవుతుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల ప్రకారం వీధిని అడ్డంగా దాటే ఎల్‌టీ తీగ నేల నుంచి కనీసం 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. అంటే సుమారు 19 అడుగులు. వీధి పొడవునా వెళ్లే తీగ అయితే 5.5 మీటర్లు, అంటే 18 అడుగులు. 11 కేవీ తీగ వీధి దాటేచోట 6.1 మీటర్లు, అంటే 20 అడుగులు. పాత లైన్లలో తీగ సాగి ఇంకా కిందకు దిగి ఉండొచ్చు. రోడ్డును ఎత్తు పెంచి వేసినచోట కూడా ఈ దూరం తగ్గిపోతుంది.

ఇప్పుడు ఇనుప పైప్ సంగతి. దుకాణంలో జీఐ పైప్ మామూలుగా 6 మీటర్ల పొడవుతో, అంటే దాదాపు 20 అడుగులతో దొరుకుతుంది. కట్టిన కమాను ఎత్తు 12 అడుగులే కావచ్చు. అది నిలబడ్డాక తీగకు చాలా కిందే ఉంటుంది. కానీ దాన్ని కట్టేటప్పుడు 20 అడుగుల పైపును నిలువుగా లేపితే కొస నేరుగా తీగ దగ్గరకే పోతుంది. మనిషి ఛాతీ ఎత్తున పట్టుకుంటే ఇంకో మూడు నాలుగు అడుగులు కలుస్తాయి. 11 కేవీ తీగ అయితే తగలనక్కర్లేదు, బాగా దగ్గరకు వెళ్లినా చాలు, కరెంటు దూకుతుంది. నలుగురు కలిసి పట్టుకుంటే నలుగురికీ ఒకేసారి.

అందుకే ఇంటి కమానుకు మొదటి నియమం ఇది. 10 అడుగులకు మించిన ముక్క వాడకూడదు, ఇనుము అసలే వద్దు. తీగ కింద, తీగకు పక్కన కమాను పెట్టొద్దు. మేడ మీద నుంచి పైప్ అందివ్వడం, పిట్టగోడ మీదుగా లాగడం మరీ ప్రమాదం. ఇంటి గోడకు, 11 కేవీ తీగకు అడ్డంగా ఉండాల్సిన దూరం నిబంధనల్లోనే 1.2 మీటర్లు. అంటే 4 అడుగులు. చెయ్యి చాపి పైప్ తిప్పితే అది ఏ మూలకూ చాలదు.

కొలతలు, సామాను

ఇంటి గేటుకో, చర్చి తలుపుకో 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు కమాను సరిపోతుంది. దానికి లెక్క తేలిక. అర్ధవృత్తం వంపు పొడవు కావాలంటే వెడల్పును 1.57తో గుణించాలి. 6 అడుగులకు 9.4 అడుగులు వస్తుంది. ఇళ్లలో వైరింగ్‌కు వాడే 25 మి.మీ. పీవీసీ కండ్యూట్ పైప్ 3 మీటర్లు, అంటే సుమారు 10 అడుగులు ఉంటుంది. ఒక్క పైప్‌తో వంపు వచ్చేస్తుంది. ఇంకో పైపును మధ్యకు కోస్తే 5 అడుగుల కాళ్లు రెండు. వంపు ఎత్తు 3 అడుగులు, కాళ్లు 5 అడుగులు, మొత్తం 8.

పైపును కాసేపు ఎండలో పెడితే మెత్తబడి చేత్తోనే వంగుతుంది. విరిగే భయం ఉండదు. రెండు కొసలను 6 అడుగుల దూరంలో తాడుతో కట్టి విల్లులా నిలపాలి. తర్వాత కప్లింగులతో కాళ్లకు జోడించాలి. సన్నని పైప్ కాబట్టి కాళ్లు ఊగుతాయి. ఒక్కో కాలికి వెదురు కర్రో, సర్వి కర్రో ఆనించి మూడుచోట్ల గట్టిగా కడితే ఊగడం ఆగుతుంది.

వెదురు కోసం నల్లమలలోకి వెళ్లకూడదు. 2017లో అటవీ చట్టాన్ని సవరించి వెదురును చెట్ల జాబితా నుంచి తీసేసిన మాట నిజమే. కానీ ఆ వెసులుబాటు అడవి బయట పెంచిన వెదురుకే. అడవిలో నరికితే కేసు తప్పదు. మేదర్ల దగ్గరో, కర్రల అడితిలోనో కొనుక్కోవడమే మంచిది.

నేలలో గుంత తీయడం ఈ ప్రాంతంలో అంత సులువు కాదు. పలకల రాయి పండే నేల ఇది, గడ్డపార మోగుతుంది గానీ దిగదు. దానికి రంగు డబ్బాలు ఉపాయం. 20 లీటర్ల ఖాళీ డబ్బా మధ్యలో కాస్త లావు పైప్ ముక్క నిలబెట్టి చుట్టూ కాంక్రీటు నింపాలి. ఒక్కో డబ్బా 45 కిలోలకు పైనే తూగుతుంది. ఆరిన తర్వాత కమాను కాలును ఆ పైపులోకి దించితే చాలు. పండగ అయ్యాక కాలు లాగి పక్కన పెట్టుకోవచ్చు.

కమాను మీద ఫ్లెక్సీ మాత్రం కట్టకూడదు. పైపు, లైట్లు ఉంటే గాలి మధ్యలోంచి పోతుంది. ఫ్లెక్సీ కడితే అదే పడవ తెరచాప అవుతుంది. డిసెంబర్‌లో తుపాన్లు కొత్త కాదు. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5నే. పేరు రాయాలంటే థర్మోకోల్ అక్షరాలు విడివిడిగా అతికిస్తే గాలికి అడ్డు ఉండదు.

లైట్లు: 230 వోల్టులా, 12 వోల్టులా?

దుకాణంలో దొరికే సీరియల్ సెట్లలో చాలావరకు నేరుగా ప్లగ్‌లో పెట్టేవే. వాటిలో చిన్న చిన్న ఎల్‌ఈడీలను వరుసగా కలిపి 230 వోల్టులను పంచుతారు. ఒక్కో బల్బుకు రెండు మూడు వోల్టులే కదా అనిపిస్తుంది. కానీ ఎక్కడైనా వైరు పొర చిట్లి మనిషి చెయ్యి తగిలితే, ఆ చేతికి నేలకు మధ్య 230 వోల్టుల దాకా పడొచ్చు. డిసెంబర్ మంచుకు తడిసిన వైరు, చెప్పుల్లేని పిల్లల కాళ్లు కలిస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

బయట పెట్టే కమానుకు 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ మేలు. అడాప్టర్ ఇంటి లోపలే ఉంటుంది. బయటకు వచ్చేది 12 వోల్టులే. అది మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చే వోల్టేజీ కాదు. పట్టీ కొనేటప్పుడు నీటిని తట్టుకునే ఐపీ 65 రకం అడగాలి.

పట్టీ చుట్ట ఒకటి 5 మీటర్లు, సుమారు 16 అడుగులు. కమాను మొత్తం పొడవు 19 అడుగుల పైచిలుకు. నేల నుంచి అడుగున్నర వదిలి మొదలుపెట్టి, అటువైపు కూడా అడుగున్నర వదిలితే ఒక్క చుట్ట సరిపోతుంది. కింద వదిలేయడం కూడా మంచిదే. వాన చినుకు, కుక్కలు, పసిపిల్లల చేతులు అక్కడి దాకానే వస్తాయి.

మీటరుకు 60 బల్బులుండే మామూలు పట్టీ మీటరుకు 4.8 వాట్లు తీసుకుంటుంది. 5 మీటర్లకు 24 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు. 3 ఆంపియర్ల అడాప్టర్ తీసుకుంటే వేడెక్కకుండా పనిచేస్తుంది. రోజుకు 6 గంటల చొప్పున డిసెంబర్ 20 నుంచి జనవరి 1 దాకా 13 రాత్రులు వెలిగినా కాలేది రెండు యూనిట్ల లోపే. పాతకాలం 15 వాట్ల రంగు బల్బులు 40 పెడితే ఒక్క రాత్రికే మూడున్నర యూనిట్లు దాటేది.

అడాప్టర్ దూరంగా ఉంటే సన్నని వైరు వాడకూడదు. 12 వోల్టులు దారిలోనే తగ్గిపోయి కమాను చివర మసకబారుతుంది. మందం వైరు వాడి, పట్టీకి రెండు కొసల నుంచీ కరెంటు ఇస్తే వెలుగు సమంగా ఉంటుంది.

ఎంసీబీ ఉందిగా అనుకుంటే పొరపాటు

ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ దిగాలంటే అంతకు మించిన కరెంటు పోవాలి. మనిషి ఒంట్లోంచి అందులో అరవయ్యో వంతు, అంటే 0.1 ఆంపియర్ పోయినా గుండె ఆగొచ్చు. ఎంసీబీకి అది తెలియను కూడా తెలియదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి కన్ను మూసి తెరిచేలోపు సరఫరా ఆపేస్తుంది. ఇంట్లో లేకపోతే పండగ లైట్లకు మాత్రమైనా ఆర్‌సీసీబీ ఉన్న చిన్న బోర్డు ఎలక్ట్రీషియన్‌తో చేయించుకోవాలి. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కి పనిచేస్తోందో లేదో లైట్లు వేసే ముందు చూసుకోవాలి. 230 వోల్టుల సెట్లే వాడక తప్పనిచోట ఇది లేకుండా ప్లగ్ పెట్టకూడదు.

అతుకుల దగ్గరే అసలు చిక్కు. ఇన్సులేషన్ టేప్ మంచుకు ఊడిపోతుంది. వేడికి ముడుచుకునే స్లీవ్ వేసి అతికితే నీరు చొరబడదు. ప్లగ్‌లోకి వెళ్లే వైరును ఒక వంపు కిందకు దించి మళ్లీ పైకి తెచ్చి పెట్టాలి. వైరు వెంట జారే నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, ప్లగ్‌లోకి వెళ్లదు.

వీధి కమాను అయితే దారి వేరు

వీధికి అడ్డంగా పెద్ద కమాను కావాలంటే అది పిల్లల పని కాదు. బస్సు, వడ్ల లారీ, అంబులెన్స్ వెళ్లాల్సిన దారి అది. పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి, పోలీసులకు సమాచారం ఉండాలి. విద్యుత్ సరఫరా చేసే ఏపీసీపీడీసీఎల్ స్థానిక కార్యాలయంలో తాత్కాలిక కనెక్షన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. కట్టేటప్పుడు లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించడం అందరికీ క్షేమం. స్తంభం మీద కొక్కెం వేసి కరెంటు లాగితే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 135 కింద అది దొంగతనం. కేసు సంగతి అలా ఉంచితే, ఆ కొక్కేనికి ఎంసీబీ ఉండదు, ఆర్‌సీసీబీ ఉండదు. తేడా వస్తే ఆపే దిక్కే లేదు. తీగ తెగినా, వేలాడుతున్నా 1912కు ఫోన్ చేయాలి.

ఎవరికైనా షాక్ కొడితే

చెయ్యి పట్టి లాగకూడదు. ముందు మెయిన్ ఆపాలి. ఆపడం కుదరకపోతే, ఇంటి కరెంటు అయితే పొడి కర్రతో వైరును పక్కకు నెట్టాలి. వీధి స్తంభాల మీద తీగ అయితే కర్రతో కూడా దగ్గరకు పోకూడదు, సరఫరా ఆపించాకే ముట్టుకోవాలి. 108కి ఫోన్ చేసి, మనిషి ఊపిరి తీసుకోకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. వైద్యం అందేదాకా ఆపకూడదు.

పండగ అయ్యాక పట్టీని మడతలు పెట్టకుండా పెద్ద చుట్టగా చుట్టి, అడాప్టర్‌తో కలిపి పొడి డబ్బాలో పెట్టాలి. పైపును ఎండ తగలనిచోట ఆనించి ఉంచితే మరో రెండు మూడేళ్లు వస్తుంది. మిలాద్‌కు పక్కింటివాళ్లు అడిగితే ఇవ్వడానికీ బాగుంటుంది. ఇచ్చేటప్పుడు ఆర్‌సీసీబీ బోర్డు కూడా కలిపి ఇవ్వాలి, తీగ లేనిచోట పెట్టుకోమని చెప్పాలి.