ఇంజనీరింగు చదివే పిల్లలకు పాల లెక్క

మారేడుమిల్లి నుంచి కాకినాడ వంటి పట్టణాలకు పిల్లలను ఇంజనీరింగు చదువుకు పంపిన సభ్యులకు మా మనవి. కంప్యూటరులో స్ప్రెడ్‌షీటు, అనగా గడులలో లెక్కలు కట్టే పట్టిక, వారు బాగా నేర్వాలి. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విసికాల్క్‌తో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. ఒక గడిలో అంకె మారిస్తే, దానిపై ఆధారపడిన లెక్కలన్నీ మారిపోతాయి.

సూత్రం తప్పయితే ఆ తప్పు కూడా అన్ని వరుసలకూ పాకుతుంది. మన పద్దునే చూడండి. ఉదయం 4 కిలోల పాలు, వెన్న 6 శాతం. సాయంత్రం 2 కిలోలు, 7.5 శాతం. రెండు శాతాలను కలిపి సగం చేస్తే 6.75, ఆ లెక్కన వెన్న 405 గ్రాములు. నిజానికి 240, 150 కలిసి 390 గ్రాములే. లేని 15 గ్రాములకు సంఘం డబ్బు చెల్లించాలి! వెన్న ఎక్కువున్న పూట పాలు కూడా ఎక్కువైతే నష్టం రైతుది.

చింతూరు ఘాట్ రోడ్డు వంటి కొండదారికి మట్టిపని అంచనా వేసే ఇంజనీరుకూ ఇదే చిక్కు. పొడవులు వేరైన ముక్కల లోతులకు నేరుగా సగటు తీయరాదు. ఉద్యోగంలో అక్కరకు వచ్చేది, మా దృష్టిలో, ఇది పసిగట్టే నేర్పే.

సెలవులకు వచ్చినప్పుడు మీ పాల చీటీలలోని పదిహేను రోజుల అంకెలను వారిచేత పట్టికలో వేయించండి. మొదటి రెండు వరుసలు మాత్రం కాగితంపై కట్టి సరిచూడమనండి.